మూడో అడుగు దగ్గర విమానం

ముప్పై మంది పిల్లలు గజ్జెలు కట్టుకుని, ఆట మధ్యలో ఒక్కసారిగా ఆగిపోయి, చెయ్యెత్తి హాలు కప్పుకేసి చూస్తూ నిలబడిపోతే వాళ్ల గురువు ముఖం ఏ రంగుకు తిరుగుతుందో నాకు బాగా తెలుసు. ఆ ముఖం నాదే. జరిగింది ఘోరమే కానీ, ఎవరికీ దెబ్బలు తగల్లేదు కాబట్టి మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు.

నేను విశ్వవిద్యాలయంలో నాట్య బోధన చదివాను. నాట్యం చెయ్యడం ఒక ఎత్తు, దాన్ని పిల్లలకు నేర్పడం ఇంకో ఎత్తు. నాది ఈ రెండోది. ఈ తేడా మా కందుకూరులో ఎవరికీ విడమరిచి చెప్పలేకపోయాను. మా బాపు అయితే ఆ ప్రయత్నమే చెయ్యలేదు. ఎవరడిగినా "మావోడు టీచర్ ట్రైనింగ్ చేస్తుండు" అనేవాడు. అందులో అబద్ధం లేదు. ఒక్క ముక్క తక్కువ, అంతే. నాతో మాత్రం ఒప్పందం కచ్చితంగా చేసుకున్నాడు.

"ఈ ఏడు పాసైతే నీ ఇష్టం. తప్పినవంటే ఇగ ఆ గజ్జెలు అటక మీద పెట్టి టమాట తోటల నీళ్లు పెట్టు."

టమాటాల మీద నాకు కోపం లేదు. అంతకు ముందు ఎండాకాలం వాటిని వారం రోజులు నాకు అప్పజెప్పారు. అప్పటినుంచి వాటికే నా మీద నమ్మకం లేదు.

చివరి ఏడాది పరీక్ష ఇలా ఉంటుంది. ఏదో ఒక బడిలో నెలరోజులు పిల్లలకు అడుగులు నేర్పాలి. తర్వాత వాళ్లను విశ్వవిద్యాలయం హాలుకు తీసుకొచ్చి, బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకురాలి ముందు ఆడించాలి. ఆ సమయంలో గురువు లేచి ఏదీ చూపించకూడదు. పక్కన కూర్చుని, కర్రతో చెక్క మీద తాళం వెయ్యడమే అతని పని.

నాకు శంషాబాద్ విమానాశ్రయం పక్కనే ఉన్న తొండుపల్లిలో బడి ఇచ్చారు. గదులు ఇరుకుగా ఉండడంతో పాఠం ఆవరణలో పెట్టుకున్నాను. మొదటిరోజే పిల్లలకు గంభీరంగా ఒకే ఒక్క నియమం చెప్పాను. "నేను ఏం చేస్తే మీరు అదే చెయ్యాలి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు." ఈ వాక్యాన్ని మా పాఠ్యపుస్తకంలో కింద గీత గీసి మరీ చదువుకున్నాను. కింద గీత గీసుకున్న వాక్యాలే మనిషిని ముంచుతాయని పుస్తకంలో రాయలేదు.

అంతలో నెత్తిమీద విమానం వచ్చింది. ఎంత కిందికంటే, దాని చక్రాలు లెక్కపెట్టవచ్చు. బడి పెద్ద టీచరమ్మ కిటికీ దగ్గరికొచ్చి, మోత కాస్త తగ్గుతుండగా చెప్పింది. "అది పొయ్యేదాంక ఎవ్వలం నోరు తెరువం సారూ. మొత్తుకుంటే గొంతు పోతది, పాఠం రాదు." చూస్తే నిజమే. లెక్కల టీచరు సుద్దముక్క బోర్డుకు ఆనించి అలాగే నిలబడి ఉంది. పిల్లలు పెన్సిళ్లు చెక్కుకుంటున్నారు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలకు విమానమూ కాకీ ఒకటే.

నేను అక్కడ పుట్టలేదు. కందుకూరులో మాకు కనబడే విమానం చీమంత ఉంటుంది. అందుకని నేను చూశాను. నోరు తెరుచుకుని చూశాను.

మర్నాటినుంచి నేనూ ఆ బడి పద్ధతే పాటించాను. విమానం రాగానే కర్ర కింద పెట్టి, ఆగమన్నట్టు కుడిచెయ్యి ఎత్తేవాణ్ని. ఊరికే ఎత్తితే ట్రాఫిక్ పోలీసులా ఉంటుందని, నాలుగు వేళ్లూ కలిపి చాచి, బొటనవేలు మడిచి, నాట్యంలో పతాకం అంటామే, ఆ హస్తం పట్టి శాస్త్రోక్తంగా ఎత్తేవాణ్ని. తర్వాత గడ్డం పైకి లేపి, విమానం ఎటు పోతే అటు మెడ తిప్పుతూ, అది బడి పక్కనున్న నీళ్ల ట్యాంకు వెనక్కి మాయమయ్యేదాకా చూసి, చెయ్యి దించి "ఊఁ" అని మళ్లీ కర్ర అందుకునేవాణ్ని.

బడిలో పదకొండు గంట కొట్టగానే మా పాఠం. నమస్కారం, ఒకటో అడుగు, రెండో అడుగు. మూడో అడుగు ఎత్తుకునే సరికి విమానం. విమానాలు పూటలకు పూటలు ఆలస్యమవుతాయని పేపర్లో చదువుతూ ఉంటాం. ఈ మహాతల్లి మాత్రం నెలలో ఒక్కరోజూ నిమిషం తప్పలేదు.

మూడోవారానికి పిల్లలు కూడా చెయ్యెత్తి ఆకాశంలోకి చూడడం గమనించాను. పాపం, విమానం చూసి ముచ్చటపడుతున్నారు అనుకున్నాను. పుట్టినప్పటినుంచీ తలెత్తని వాళ్లు ఇప్పుడెందుకు ఎత్తుతున్నారని బుర్ర ఉన్నవాడెవడైనా ఆలోచిస్తాడు. నేను ఆలోచించలేదు.

పరీక్షరోజు రానే వచ్చింది. పరీక్షకురాలు కోస్తా నుంచి వచ్చిన పెద్దావిడ. ముందువరసలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటోంది. ఆఖరివరసలో, నాకు చెప్పకుండా వచ్చేసిన బాపు, ఇస్త్రీ చొక్కాలో.

నమస్కారం బాగుంది. ఒకటో అడుగు బాగుంది. రెండో అడుగుకు ఆవిడ తల ఊపింది కూడా. మూడో అడుగు కోసం కర్ర ఎత్తాను. ముప్పై కుడిచేతులు పతాకం పట్టి పైకి లేచాయి. ముప్పై గడ్డాలు కప్పుకేసి తిరిగాయి.

నేను కర్ర గట్టిగా కొట్టాను. కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాను. ముందువరసలో అఖిల, నాలుగో తరగతి, మా జట్టులోకెల్లా శ్రద్ధ గల పిల్ల, చూపు కప్పు మీదనుంచి తియ్యకుండా పెదవుల చివరనుంచి నన్ను మందలించింది.

"సారూ, గిప్పుడు కర్ర కొట్టొద్దు."

ఆపాను. పరీక్షకురాలు కూడా తలెత్తి చూసింది. పైన ఒక ఫ్యాను తప్ప ఏమీ లేదు.

"అఖిలా, ఇగ కానియ్యమ్మా" అని బతిమాలాను.

"ఇంక పోలే సారూ."

పోవడానికి రావాలి కదా. ఆ హాలు మీదుగా ఏ విమానమూ వెళ్లదు. పిల్లల చేతులు వణకడం మొదలైంది గానీ ఒక్కటీ దిగలేదు. నా కళ్ల ముందు టమాట తోట పచ్చగా కదలాడింది. ఇక వేరే దారి కనబడలేదు. కూర్చున్నచోటే గొంతు లోపలినుంచి సన్నగా "ఘూఁ" అని మొదలుపెట్టి, పెంచుకుంటూ పోయి, నడినెత్తి మీదికి తెచ్చి, మెల్లగా కుడివైపు నీళ్ల ట్యాంకు దాకా సాగనంపాను. ముప్పై మెడలూ దానివెంటే తిరిగాయి. నా చదువు మొత్తంలో నేను తాళం తప్పకుండా చేసింది అదొక్కటే. చెయ్యెత్తి దించి "ఊఁ" అన్నాను. మూడో అడుగు అద్భుతంగా పడింది.

తర్వాత ఆవిడ నన్ను దగ్గరికి పిలిచింది. "ఆ మధ్యలో వచ్చింది ఏమిటండీ?"

"అది... గరుత్మంతుడి రాక, మేడం. చాలా అరుదైన ఘట్టం."

"గరుత్మంతుడికి ఇంజను ఉంటుందా నాయనా?"

నిజం ఒప్పుకున్నాను. పదకొండు గంట దగ్గర్నుంచి నీళ్ల ట్యాంకు దాకా అంతా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది. నవ్వు ఆపుకుంటోందని తర్వాత అర్థమైంది.

"మీరు నేర్పాలనుకున్నవి వీళ్లకు ఓ మాదిరిగా వచ్చాయి. నేర్పుతున్నట్టు మీకే తెలియనిది మాత్రం అమోఘంగా వచ్చింది" అంటూ మార్కుల కాగితం మీద పెన్ను ఆనించింది. "తాళంలో లేనిదేదీ ఇకమీదట పిల్లల ముందు చెయ్యనని ప్రమాణం చెయ్యండి. సంతకం పెడతాను."

కృతజ్ఞతతో గుండె నిండిపోయింది. ప్రమాణం అంటే ఎలా చేస్తాం? నిటారుగా నిలబడి కుడిచెయ్యి ఎత్తాను.

నా వెనక గజ్జెలు ఒక్కసారి ఘల్లుమని ఆగిపోయాయి. తిరిగి చూడనక్కర్లేకపోయింది. పరీక్షకురాలి చూపు నా భుజం మీదుగా వెళ్లి, అక్కడినుంచి నెమ్మదిగా ఫ్యాను మీదికి పోయింది. ఆఖరివరసలోంచి బాపు గొంతు మాత్రం వినబడింది.

"ఇంకొకటి వస్తున్నదా కొడకా?"

పాసయ్యాను. ఇప్పుడు శంషాబాద్‌లో ఒక బడిలో నాట్యం నేర్పుతున్నాను. ఇకపై బతికున్నంతకాలం, తలమీద దోమ వాలినా, కాకి తన్నినా, పిల్లల ముందు కారణం లేకుండా చెయ్యెత్తనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. చేస్తున్నప్పుడు రెండు చేతులూ జేబుల్లోనే ఉన్నాయి.