వంతు తప్పించింది నేనే

పదిహేడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్న మాట. "నేనేటీ అన్లేదు." అంతే. ఆ మాటతో ఒక మనిషి పరువు పోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

పలాసలో మా క్లబ్బులో బ్రిడ్జి అనే పేకాట ఆడేవాళ్ళం. అందరికీ ఆట వచ్చు గానీ, నియమాల పుస్తకం మొదట్నుంచి చివరిదాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. తగాదా వస్తే నా మాటే ఆఖరు. జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది, పొలాలున్నాయి, అయినా నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది ఆ పెద్దరికమే.

అప్పన్న మాస్టారిది వజ్రపుకొత్తూరు వైపు. చేపల వేట మీద బతికే కుటుంబం. హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. మా డాక్టరుగారు అతనికి ఆట నేర్పి, తనే చెయ్యిపట్టుకుని క్లబ్బుకి తీసుకొచ్చారు. తీరం ఊళ్ళ నుంచి మా బల్ల దగ్గర కూర్చున్న మొదటి మనిషి అతనే. ఏడాది తిరక్కుండా నన్ను మించిపోయాడు.

నన్ను "బావా" అనేవాడు. మా వైపు అదేమీ వింత కాదు, ఎవరు ఎవర్నయినా అంటారు. కానీ అతను అన్నప్పుడల్లా నాలో ఏదో ముడుచుకునేది. నా చిన్నప్పుడు వాళ్ళవాళ్ళు మా ఇంటికి చేపలు తెచ్చి గుమ్మం బయటే నిలబడేవారు. ఆ గుమ్మం నాలో అలాగే ఉండిపోయిందని నాకు అప్పట్లో తెలియదు. తెలియదా? తెలుసు. మాటల్లో పెట్టుకోలేదు, అంతే.

టెక్కలిలో పోటీకి మా క్లబ్బు నుంచి ఏ జోడీ వెళ్ళాలో తేల్చుకునే ఆట అది. అతనూ డాక్టరుగారూ ఒక జోడీ. నేనూ మా వకీలూ ఇంకో జోడీ. అతని ఎడమపక్కన నేను. చివరి చేతికి, అంటే ఆఖరి పంపకానికి, డాక్టరుగారు ముక్కలు పంచారు. పంచగానే టీ వచ్చింది. డాక్టరుగారు ఫోను వస్తే వరండాలోకి వెళ్ళారు. వకీలు కుళాయి దగ్గరికి వెళ్ళాడు. బల్ల దగ్గర మేమిద్దరమే మిగిలాం. మధ్యాహ్నం నుంచి ఆడీ ఆడీ ఎవరి వంతో తికమకపడే వేళ అది. అప్పన్న తన ముక్కలు సర్దుకుంటూ అడిగాడు.

"బావా, పంచింది ఎవులు? నానేనా?"

ఎన్ని పట్లు గెలుస్తామో చెప్పే పాటే బిడ్, పంచినవాడే ముందు బిడ్ చెప్పాలి. అది అందరికీ తెలిసిందే.

"నువ్వే," అన్నాను.

వాళ్ళు వచ్చి కూర్చోగానే అప్పన్న "రెండు కళావర్లు" అన్నాడు. చేతిలో చాలా బలముందని దానర్థం. డాక్టరుగారు ఉలిక్కిపడ్డారు. "అదేటి మాస్టారూ, పంచింది నేను కదా!"

అందరూ నా వైపు చూశారు. అలా వంతు తప్పి చెప్పిన బిడ్‌ని ఎడమపక్కన ఉన్నవాడు ఒప్పుకోవచ్చు. ఒప్పుకుంటే ఏ గొడవా లేదు, ఆట అలాగే సాగుతుంది. ఒప్పుకోకపోతే ఆ బిడ్ రద్దు, పైగా అతని జోడీలో రెండో మనిషి ఆ చేతికంతా పాస్ అంటూ కూర్చోవాలి. అప్పటి నియమం అది. ఎడమపక్కన ఉన్నది నేను. నియమం చెప్పాల్సిందీ నేనే.

"ఒప్పుకోను," అన్నాను.

డాక్టరుగారు నోరు కట్టేసుకున్నారు. అప్పన్న ఒంటరిగా, ఊహ మీద ఆరు ఇస్పేట్లకి, అంటే పదమూడు పట్లలో పన్నెండు గెలుస్తానని, వెళ్ళాడు. ఒక్క పట్టు తగ్గింది. మేం గెలిచాం.

అంతటితో ఆగినా బాగుండేది. వకీలు ఊరుకోలేదు. "బలముందని డాక్టరుగారికి తెలియాలనే ముందు చెప్పీసేడు. పుస్తకం తెలిసినాయన ఉన్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే దొంగాట సాగిపోను," అన్నాడు.

అప్పన్న మొహం ఎర్రబడింది. "నాను అడిగే సెప్పినాను. పంపకం నాదేనని బావే అన్నాడు."

అప్పుడు నవ్వేసి, పొరపాటున అన్నానని చెప్పి ఉంటే? ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

"నేనేటీ అన్లేదు."

"అన్నేదా... సార్?"

"లేదు."

డాక్టరుగారు ముక్కలు బల్లమీద పెట్టేశారు. "ఓడిపోతే ఓడిపోయాం మాస్టారూ. ఇంకొకరి మీద పెట్టడం దేనికి?"

వకీలు మాటకి తల ఎత్తి జవాబిచ్చిన మనిషి, డాక్టరుగారి మాటకి కూలిపోయాడు. లేచి, కుర్చీ సర్ది, వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత డాక్టరుగారు అతనితో మాట్లాడలేదు. మూడేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు, అప్పన్న వచ్చి జనం వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముందుకి రాలేదు.

పంచింది ఎవరో నేనూ మరిచిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కొన్నేళ్ళు నమ్మాను కూడా. కానీ డాక్టరుగారు పంచుతుంటే ఆయన వేళ్ళనే చూస్తూ కూర్చున్నవాణ్ణి, ఎలా మరిచిపోతాను? పోనీ మరిచిపోయాననే అనుకుందాం. నా మాట విని తప్పు చేసినవాడి బిడ్‌ని ఒప్పుకునే హక్కు నా చేతిలోనే ఉండగా ఎందుకు కాదన్నాను? ఇక్కడికొచ్చేసరికి నాకు దారి ఉండదు.

అతను డయాలసిస్‌కి తిరుగుతున్నాడని విని పోయిన నెల వాళ్ళ ఊరు వెళ్ళాను. అరుగు మీద కూర్చున్నాడు, బాగా చిక్కిపోయాడు. నిలబడే చెప్పేశాను. అంతా విన్నాడు.

"నాకు తెల్సిందే నాకు సెప్పడానికి ఇంత దూరం వచ్చీసారా?" అన్నాడు. చేతి కట్టు సర్దుకుంటూ, "డాక్టరుగారికి సెప్పాల్సింది," అన్నాడు. గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయాడు. కూర్చోమనలేదు. అనాలని నేనెందుకు ఎదురుచూశాను?

తిరిగొచ్చి క్లబ్బు సెక్రటరీకి చెప్పాను. కొత్త మనిషి. "ఎప్పటి మాట సార్, వదిలీయండి," అన్నాడు. అక్కడ ఆడుతున్నవాళ్ళలో అప్పన్న పేరు విన్నవాళ్ళు కూడా లేరు. తెలియాల్సిన ఒక్క మనిషీ లేడు. తెలిసిన మనిషికి నా మాట అక్కర్లేదు.

అందుకని మీకు రాస్తున్నాను. 'పొరపాటున' అనే మాట రెండుసార్లు రాసి కొట్టేశాను. అప్పన్న మాస్టారు దొంగాట ఆడలేదు. అబద్ధం ఆడింది నేను. రాయడం అయింది. ఏమీ మారలేదు.