ఖాళీ మేకు

గని సొరంగంలోకి దిగే ప్రతి కంపెనీ కార్మికుడూ తన నంబరున్న ఇత్తడి బిళ్లను గేటు దగ్గరి బోర్డు మీద తన మేకుకు తగిలించి, పైకొచ్చాక తీసుకుంటాడు. ముప్పయ్యేళ్ల కిందట ఒక సాయంత్రం ఒక్క బిళ్ల మిగిలిపోయింది. అది రూతమ్మ నాయనది. ఆ తర్వాత ఎవరికీ ఇవ్వక ఖాళీగానే ఉన్న ఆయన మేకును ఆమె ఇప్పటికీ రోజూ ఒకసారి వేలితో తడిమి పోతుంది. నాయన నౌకరీ ఆమె తమ్ముడికి పోయింది, ఆడపిల్లకు ఇయ్యరన్నారు. మాదిగవాడ ఆడవాళ్లకు ఎప్పుడూ దొరికే చీపురే ఆమెకూ దొరికింది, అదీ కాంట్రాక్టరు కింద.

మొన్న సొరంగంలో బొగ్గు మోసే బెల్టు కింద రాలిన పొడి ఊడుస్తుంటే పొగ కమ్ముకుంది. గోడ పట్టుకుని, దగ్గుతూ ఆమె పైకొచ్చేసరికి క్లర్కు వీరేందర్ బోర్డు చూసి, "అందరొచ్చిన్రు, గేటు బంద్ చెయ్యుండ్రి" అంటున్నాడు.

"నేనింక లోపల్నే ఉంటి గద సారూ!"

"నీకు బిళ్ల లేదు గదక్కా, నాకెట్ల తెలుస్తది?" అంటూ అతనే మంచినీళ్ల సీసా అందించాడు.

రూతమ్మ తాగలేదు. "మా నాయన కోసం మూడు దినాలు తవ్విన్రు సారూ. బిళ్ల ఉండె గద" అంది.

మర్నాటి నుంచి సొరంగంలోకి దిగే ముందు ఆమె ఆ మేకుకు తన గాజొకటి తగిలించి పోతోంది.