ఫొటో మాస్టారు పంపిన ఆరు ఫొటోలు

ఫొటో మాస్టారి చేతిలో పడ్డాక కూడా మొహాన మచ్చ మిగలడమంటే శాస్త్రవిరుద్ధం. "ఇటు చూడండి" అని ఒక్క క్లిక్కు. ఆపైన పుట్టుమచ్చలూ మొటిమలూ గాట్లూ ఆయన వేలికింద మాయం. తమ పాస్‌పోర్టు ఫొటో చూసుకుని "ఎవరండీ ఈయన?" అని అడిగినవాళ్లున్నారు.

అంతటి మహానుభావుడి ఇంట, మహమ్మారి రోజుల్లో, పాప పుట్టింది. మూడో వారంలో కుడి కనురెప్ప మీద ఎర్రచుక్క తేలింది. ఆరో వారానికి బఠాణీ గింజంతయింది. ఆస్పత్రిలో అప్పుడు ఒకే రోగానికి ప్రవేశం. అందుకని డాక్టరమ్మ ఫోన్లోనే చూస్తానన్నారు. వీడియోలో పాప గళ్లుగళ్లుగా కనబడటంతో వారానికో ఫొటో పంపమన్నారు.

"రక్తనాళాల గడ్డ. చాలావరకు వాటంతటవే కరుగుతాయి. కానీ రెప్ప కిందికి వాలితే ఆ కంటికి చూపు అలవాటు కాదు. అలా అయితే వెంటనే మందు మొదలెట్టాలి," అన్నారావిడ.

మాస్టారు స్టూడియో దీపాలు ఇంటికి మోసుకొచ్చారు. వారం వారం ఫొటో. వారం వారం ఒకటే జవాబు: "బాగానే ఉంది, చూద్దాం."

ఇంట్లో మాత్రం గడ్డ రేగిపండంతయింది. భార్య పాప ఎడమకన్ను మూసి గిలక్కాయ ఆడించింది. పాప చూపు కదల్లేదు.

"బాగుందంటున్నారుగా ఆవిడ," అన్నారు మాస్టారు, నీళ్లు నములుతూ.

"ఆవిడ చూస్తున్నది మన పిల్లనేనా?" ఫోను లాక్కుంది. ఆరు ఫొటోల్లోనూ పాప చందమామే. గడ్డ ఉండాల్సిన చోట లేత గులాబీ నీడ. "ఏమండీ... దీన్ని కూడా దిద్దారా?"

దిద్దాలని దిద్దలేదు. దీపం కాస్త పక్కకి, ఎరుపు కాస్త తక్కువ... చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. పైగా ఆ కన్ను అలా చూడటం ఆయనవల్ల కాలేదు.

"రోగం దాచి వైద్యుణ్ణి మెప్పించినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను బాబూ," అంది పురిటికి సాయమొచ్చిన అత్తగారు.

దీపాలు ఆర్పేశారు. భార్య పాపను కిటికీ దగ్గర ఎత్తుకుంది. పాప కదిలి రెండు ఫొటోలు అలుక్కుపోయాయి. మూడోది కుదిరింది: ఎర్రగా ఉబ్బిన గడ్డ, నల్లగుడ్డు మీదికి జారిన రెప్ప. ఇరవై ఏళ్లలో ఆయన దిద్దకుండా పంపిన మొదటి ఫొటో. కింద రాశారు: "పాతవి నమ్మకండి. నేను దిద్దాను."

పావుగంటలో ఫోను మోగింది.

"ఎన్ని వారాలు పోయాయి మాస్టారూ..." అన్నారు డాక్టరమ్మ. "రేపు పొద్దున్నే తీసుకురండి. గేటు దగ్గర నా పేరు చెప్పండి. ఈ మందు గుండె వేగం తగ్గిస్తుంది, ముందు గుండె పరీక్ష చేసి వేద్దాం."

"చూపు వస్తుందా అమ్మా?"

"ముందు రండి."

మాస్టారు నేలమీద కూలబడి పాపను ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. ఎడమకన్ను అరచేత్తో మూసి గిలక్కాయ ఆడించారు. పాప మొహం చిట్లించి ఏడ్చింది. చెయ్యి తీసి, మళ్లీ మూశారు.

"ఇటు చూడమ్మా," అన్నారు. "ఇటు... ఇటు."