చెన్నయ్య కోర్టు
గల్ఫ్‌లో, సీబ్‌లోని ఆ కూలీల రూమ్‌లో ఏ తగవు వచ్చినా, చెన్నయ్య ముందు మీసం దువ్వుకుని అది ఎవరి కోర్టుదో తేలుస్తాడు. సైట్‌లో మొదలైతే ఫోర్‌మన్‌ది, పొయ్యి దగ్గర మొదలైతే తనది. హద్దు దాటిన కేసు ముట్టడు. అదే రూమ్‌లో ఉండే యాకూబ్ ఊరి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసా నిన్న ఖాళీ అయింది. నూనె మాత్రం చెన్నయ్య మీసానికి అంటుకుని ఉంది.

“పచ్చడి కడపది. కేసు కడపలోనే నడవాల,” అన్నాడు చెన్నయ్య తాపీగా. “అట్లే కానీ అన్నా,” అంటూ యాకూబ్ కడపలో ఉన్న చెన్నయ్య భార్య పెంచలమ్మకు వీడియో కాల్ కలిపాడు. ఆమె అంతా విని, నెలపాటు రూమ్‌లో గిన్నెలన్నీ మొగుడే తోమాలంది. “కడప తీర్పు ఈడ చెల్లదులే,” అన్నాడు చెన్నయ్య. “సెలవుకు యాడికొస్తావు మరి?” అని అడిగింది పెంచలమ్మ. చెన్నయ్య లేచి పీచు అందుకున్నాడు.