సోమవారం అడుగులు

మంగళవారం పొద్దున ఆర్లీన్ స్టౌఫర్ కాఫీ గది గోడబోర్డుకి ఒక కాగితం గుచ్చింది. వారం వారం గుచ్చేదే. ఎవరెవరు ఎన్ని అడుగులు నడిచారో పేర్లతో సహా ఉండే పట్టిక. ఈసారి మాత్రం ఒక పేరు పక్కన ఎర్ర స్కెచ్ పెన్నుతో జింక కొమ్ములు గీసింది.

వెర్నన్ కిప్. సోమవారం. 38,412.

గీసి, కాస్త వెనక్కి జరిగి చూసుకుని, తనలో తనే నవ్వుకుంది. ఎడమ కొమ్ము కొంచెం వంకర పోయిందని మళ్ళీ దిద్దింది కూడా.

ఆర్లీన్ ఆ కంపెనీలో పందొమ్మిదో ఏట చేరింది. పెన్సిల్వేనియా కొండల మధ్య రెండు వేల గడప ఉన్న ఊరు. ఆ ఊళ్ళో ఉన్నది ఒక్కటే పెద్ద కంపెనీ, అది చేసేది శవపేటికలు. ముప్పై ఏళ్ళు పేటికల లోపల తెల్ల శాటిన్ గుడ్డ కుట్టింది. వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోయాక సరుకు పంపే బల్ల దగ్గరికి మార్చారు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఎవరి పుట్టినరోజుకి ఏ కేకు కావాలో, ఎవరి మోకాలికి ఎప్పుడు ఆపరేషనో అన్నీ ఆమెకే తెలియాలి. కంపెనీని కొన్న కొత్తవాళ్ళు ఆరోగ్య పథకం పెట్టి, విభాగానికొక ఆరోగ్య మిత్ర కావాలన్నప్పుడు వేరే పేరు ఎవరికీ తట్టలేదు.

"మనమంతా ఆరోగ్యంగా ఉంటే సరుకెవడు కొంటాడే?" అన్నాడు రంగులేసే డ్వేన్. అందరూ నవ్వారు. నవ్వి, అడుగులు లెక్కపెట్టే పట్టీ చేతికి కట్టుకున్నారు. కట్టుకుంటే నెల నెలా జీతంలో ఇన్సూరెన్సు కోత తగ్గుతుంది మరి.

కట్టుకోనన్నది వెర్నన్ ఒక్కడే. కొయ్య కోసే విభాగంలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాడు. మాట తక్కువ మనిషి.

"నా నడక కంపెనీకెందుకు?"

"ఎవడు చూస్తాడయ్యా నీ నడక! చూసేది నేనొక్కదాన్ని. అదీ లెక్క మాత్రమే. నీకేమన్నా దాచుకునేది ఉందా ఏంటి, సన్నాసీ?"

వెర్నన్ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి చెయ్యి చాపాడు. పట్టీ ఆమే కట్టింది.

ఇక ఆ సోమవారం సంగతి. థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత వచ్చే సోమవారం జింక వేట మొదలవుతుంది. ఆ రోజు ఆ ఊళ్ళో ఎవరికీ ఒంట్లో బాగుండదు. ఒకడికి కడుపు నొప్పి, ఒకడికి నడుము పట్టు. పాత యజమాని అయితే తనకి జ్వరమని తనే తన ఆఫీసుకి ఫోన్ చేసుకునేవాడని చెప్పుకుంటారు. అబద్ధమని అందరికీ తెలుసు, తెలిసే "తొందరగా కోలుకో" అనేవాళ్ళు. కొత్తవాళ్ళకి ఈ మురిపెం నచ్చలేదు. ఈ ఏడు డాక్టరు చీటీ లేకుండా ఆ రోజు మానితే ఉద్యోగం పోవచ్చని నోటీసు అంటించారు. ముగ్గురు మానారు. ఇద్దరు చీటీ తెచ్చుకున్నారు. వెర్నన్ తెచ్చుకోలేదు.

ఆర్లీన్ ఆ నోటీసు చదవకపోలేదు. చదివింది. కానీ జింక కోసం జీతం పోగొట్టుకున్న మనిషిని ముప్పై తొమ్మిదేళ్ళలో ఆమె చూడలేదు. ఉడికిద్దాం, నవ్వుకుంటారు అనుకుంది.

నవ్వారు కూడా. "ముప్పై ఎనిమిది వేలా! జింక వెనకాల పక్క రాష్ట్రం ఓహయో దాకా పరిగెత్తాడా వీడు?" అని డ్వేన్ టేబుల్ మీద కొట్టి మరీ నవ్వాడు. వెర్నన్ బోర్డు చూశాడు, కాఫీ పోసుకున్నాడు, వెళ్ళిపోయాడు. పది గంటలకి సిబ్బంది వ్యవహారాలు చూసే కెండ్రా వచ్చి బోర్డుని ఫోన్‌లో ఫొటో తీసుకుంది. ముప్పై ఏళ్ళ పిల్ల, మర్యాదస్తురాలు. ఫొటో తీసేటప్పుడు కూడా ఆర్లీన్‌ని చూసి చిరునవ్వు నవ్వింది.

ఆర్లీన్‌కి అప్పుడు నోటీసు గుర్తొచ్చింది. కాగితం పీకేసింది, కానీ ఫొటోని ఎక్కడ పీకుతుంది?

మర్నాడు వెర్నన్ చేతికి ఉత్తరం వచ్చింది. శుక్రవారం హాజరు కావాలి, ఉద్యోగంలో ఉంచేదీ లేనిదీ ఆ రోజు తేలుతుంది.

భోజనాల వేళ ఆర్లీన్ కంప్యూటర్ ముందు కూర్చుంది. వేసవిలో ప్యాకింగ్ కుర్రాడొకడు పట్టీని కుక్క మెడకి కట్టి, అందరికంటే ఎక్కువ అడుగులు చూపించి ప్రైజు కొట్టేశాడు. అప్పటి నుంచి ఎవరు ఎక్కడ నడిచారో మ్యాపులో చూసే అధికారం ఆరోగ్య మిత్రలకి ఇచ్చారు. ఆమె అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు మాత్రం వెర్నన్ ఇంటి వెనక అడవిలోనే తిరిగాడని తేలితే, ఏదో తోటపని అని సర్దిచెప్పొచ్చనుకుంది. అలా తనకి తను చెప్పుకుంది. అసలు ఏ కొండకి వెళ్ళాడో చూడాలన్న కుతూహలం కూడా ఉంది, అది తర్వాత ఒప్పుకుంది.

కొండ లేదు, అడవి లేదు. నీలం గీత పిట్స్‌బర్గ్‌లో ఉంది, గంటన్నర దూరంలో. నది అవతల ఏడెనిమిది వీధుల్లో గీత తిరిగిందే తిరిగింది. బస్సుల స్టాండు నుంచి వంతెన కిందికి, అక్కడి నుంచి అన్నదానం చేసే చర్చికి, మళ్ళీ వంతెన కిందికి. పొద్దున ఆరు నుంచి చీకటి పడేదాకా. మత్తుమందు మరిగిన పిల్లలు చేరే చోట్లవి, అక్కడ మనిషి ఎవరికోసం తిరుగుతాడో ఆ రాష్ట్రంలో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

వెర్నన్ కొడుకు కోల్బీ టెక్సస్‌లో చమురు బావుల దగ్గర పనిచేస్తున్నాడని ఏడాదిగా అందరూ అనుకుంటున్నారు. అడిగినప్పుడల్లా వెర్నన్ ఆ మాటే చెప్పేవాడు. అడుగుతూ వచ్చింది ఎక్కువగా ఆర్లీనే.

సాయంత్రం ఆమె వెర్నన్ ఇంటికి వెళ్ళింది. అతను వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు. భార్య లోయిస్ కిరాణా కొట్టు డ్యూటీ నుంచి ఇంకా రాలేదు.

"మ్యాపు చూశాను, వెర్నన్."

"ఏ మ్యాపు?"

"నువ్వు నడిచిన దారి. పట్టీలో పడుతుంది."

అతను కత్తి కింద పెట్టాడు. "లెక్క ఒక్కటే చూస్తానన్నావు."

"అవును."

"అన్నావా, లేదా?"

"అన్నాను." ఆమె నిలబడే ఉంది. కూర్చోమని అతను అనలేదు. "కోల్బీ దొరికాడా?"

"లేదు." తొక్కలు ఒక పక్కకి తోసి, "వేటకెళ్ళడానికి నా దగ్గర తుపాకీ ఎక్కడిది? వాడు అమ్మేసుకుని రెండేళ్ళయింది," అన్నాడు.

"శుక్రవారం నిజం చెప్పెయ్. జబ్బు పడ్డ కొడుకు కోసం వెళ్ళానంటే ఎవరూ నిన్ను తీసెయ్యలేరు. చట్టం ఉంది. ఉద్యోగం పోతే వాడి ఇన్సూరెన్సు కూడా పోతుంది కదయ్యా!"

"తెలుసు. వాడికి ఇరవై నాలుగు. ఇంకా రెండేళ్ళు నా ఇన్సూరెన్సు మీదే ఉంటాడు. దొరికితే ఆస్పత్రిలో చేర్పించడానికి నాకున్నది అదొక్కటే."

"మరి?"

"మరేంటి! కెండ్రాకి చెబితే కాగితమ్మీదకి ఎక్కుతుంది. కాగితం ఎక్కడిదాకా పోతుందో నిన్న చూశాంగా. రేపు వాడు బాగుపడి ఈ ఊరొచ్చి పని అడగాలి, ఆర్లీన్. అడిగేది ఆ కంపెనీలోనే." అతను మళ్ళీ కత్తి తీసుకున్నాడు. "మన కంపెనీ బెకీ కొడుకు ఇదే మత్తుతో పోయినప్పుడు కాఫీ గదిలో ఏమన్నారో నేను విన్నాను. తల్లి కాస్త కళ్ళు తెరుచుకుని ఉంటే బతికేవాడని ఒకావిడ అంది. ఎవరన్నారో గుర్తుందా?"

ఆర్లీన్‌కి గుర్తుంది. అప్పుడు తన చేతిలో కేకు ముక్క ఉండటం కూడా గుర్తుంది.

"ఆ మ్యాపు తీసెయ్," అన్నాడు వెర్నన్.

"నిన్ను పథకంలోంచి తప్పిస్తే మొత్తం చెరిగిపోతుంది. కానీ నువ్వు వేటకి పోలేదనడానికి ఉన్న రుజువు అదొక్కటే."

"నేను వేటకే పోయాను."

గురువారం పొద్దున ఆమె అతని పేరు తొలగించింది. నిజంగా తీసెయ్యాలా అని కంప్యూటర్ రెండుసార్లు అడిగింది. రెండోసారి ఆమె చెయ్యి చాలాసేపు ఆగింది. ఏది నొక్కినా తప్పే.

శుక్రవారం కెండ్రా గదిలో ముగ్గురే ఉన్నారు. ఆర్లీన్‌ని సాక్షిగా పిలిచారు.

"సోమవారం మీరు వేటకి వెళ్ళారా?"

"వెళ్ళాను," అన్నాడు వెర్నన్.

"కడుపు నొప్పి అని ఫోన్ చేశారు కదా?"

"అబద్ధం చెప్పాను."

కెండ్రా రాసుకుంది. ఆ కలం చప్పుడు వింటూ ఆర్లీన్ కూర్చోలేకపోయింది. "కెండ్రా, అతను ఆ రోజు..."

వెర్నన్ ఆమె వైపు తిరిగాడు. కోపంగా కూడా కాదు. మెట్టు మీద కాలు జారబోతున్న మనిషిని చూసినట్టు చూశాడు.

"కొమ్ములకి ఎనిమిది కొమ్మలున్న జింక, గురి తప్పింది. ఆర్లీన్‌కి చెప్పాన్లెండి, అదే చెప్పబోతోంది. ఇందులో గొప్పేముంది, వదిలెయ్ ఆర్లీన్," అన్నాడు.

ఆర్లీన్ కుర్చీలో వెనక్కి జరిగింది.

ఇరవై రెండేళ్ళ సర్వీసు, తప్పు తనంతట ఒప్పుకున్నాడు. అందుకని ఉద్యోగం ఉంచారు. రెండు వారాలు జీతం లేని సెలవు, ఫోర్‌మన్ చేస్తామన్న మాట రద్దు, మళ్ళీ జరిగితే ఇంటికే. పట్టీ వివరాలు కనబడటం లేదేమని కెండ్రా అడిగితే, అతను అడిగాడని తనే తీశానంది ఆర్లీన్. అడిగితే తీయాలన్నది నియమమే.

"సరే. ఇకమీదట పట్టిక మీద బొమ్మలు వెయ్యకండి, ఆర్లీన్," అంది కెండ్రా.

ఆమెకి పడ్డ శిక్ష అంతే.

వెర్నన్ భోజనం డబ్బా సర్దుకుని వెళ్తుంటే డ్వేన్ అరిచాడు: "ఎనిమిది కొమ్మలట! గురి తప్పాడట! ఒరే, ఈసారి నన్ను పిలవరా, కనీసం జింకని కట్టెయ్యడానికైనా పనికొస్తాను!" వెర్నన్ చెయ్యి ఊపి నవ్వాడు. ఆ నవ్వు చూడలేక ఆర్లీన్ సరుకు చీటీలు తలకిందులుగా పట్టుకుని చదువుతూ కూర్చుంది.

శనివారం పొద్దున ఆమె బట్టలు మడతపెడుతుంటే ఫోన్ మోగింది. వెర్నన్. వెనకాల బస్సుల చప్పుడు.

"ఆర్లీన్, ఆ మ్యాపు ఎక్కడైనా దాచి ఉంచావా?"

"లేదు. నువ్వే కదా తీసెయ్యమన్నావు."

"సోమవారం ఒక ముసలాయన కోల్బీ ఫొటో చూసి, ఈ పిల్లాడు శనివారాలు వస్తాడన్నాడు. ఒక మెట్ల దగ్గర. ఏ వీధో గుర్తు రావట్లేదు. ఆ రోజు నేను... నాకేం సరిగ్గా కనబడలేదు ఆ రోజు. ఇప్పటికి గంట నుంచి తిరుగుతున్నాను, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

ఆర్లీన్ మంచం అంచున కూర్చుని కళ్ళు మూసుకుంది. నీలం గీత అలాగే ఉంది. అందులో ఒకచోట దారం ముడిపడ్డట్టు గీత ఉండకట్టింది.

"బస్సుల స్టాండుకి ఎదురుగా నిలబడు. కుడిచేతి వైపు మూడో వీధి. మధ్యలో చర్చి వస్తుంది, దాటెయ్. తర్వాత సన్న సందు. అందులో సగందాకా వెళ్ళి ఆగావు. నలభై నిమిషాలు అక్కడే ఉన్నావు."

అవతల అడుగుల చప్పుడు ఆగిపోయింది.

"ఎంతసేపు చూశావు దాన్ని?"

ఒక్కసారి, పైపైన అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది.

"భోజనాల వేళంతా," అంది ఆర్లీన్. "దగ్గరికి లాగి లాగి చూశాను."

ఏదో బస్సు తలుపు మూసుకున్న చప్పుడు. వెర్నన్ ఊపిరి వినబడుతూనే ఉంది. పెట్టేస్తాడేమో అనుకుంది. పెట్టెయ్యలేదు, నడవడం మొదలుపెట్టాడు.

"చర్చి దాటాను," అన్నాడు చాలాసేపటికి. "సందు ఎటు?"

"ఎడమకి," అందామె.