ఒకటి విడిచి ఒకటి

కోడెలను మేపి బరువు పెంచే ఆ యార్డులో మందు వేసేటప్పుడు పశువును పట్టి ఆపే ఇనుప బోను గడియ ఇరవై రెండేళ్లుగా ఒక్కరి చేతిలోనే ఉంది. అందుకే పనివాళ్లంతా ఆయన్ను గడియ బాబాయ్ అంటారు. మెడ నలగకుండా పశువును ఆపడం, కాలు జారకుండా వదలడం ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కోడెల దగ్గరే నేర్చుకున్నాడు.

ఆ ఉదయం ఎనభై కోడెలు దిగాయి. కడుపులోని నట్టల పురుగులు పోవడానికి వీపున పోసే మందు ఒక్కటే చాలా, నోట్లో తాపే మందు కూడా కావాలా అని తేల్చడానికి డాక్టరమ్మ వచ్చింది. ఏది తేలితే ఏడాదంతా యార్డులో అదే వాడతారు.

"మొదటి నలభైకి వీపు మందు. తర్వాతి నలభైకి రెండూ," అంది.

"అలా వద్దు డాక్టరమ్మా," అన్నాడు బాబాయ్.

యజమాని నవ్వాడు. "గడియ వేయమంటే డాక్టరుగారికే వైద్యం చెబుతున్నావేంటయ్యా?"

"వైద్యం ఆవిడకు తెలుసు సార్. వరుస నాకు తెలుసు. బోనులోకి ముందు దూసుకొచ్చేవి దిట్టమైనవి. కడుపు నిండా నట్టలున్నది వెనకే నక్కుతుంది. గట్టివాటికి ఒక మందు, నీరసప్పీనుగులకు ఇంకో మందు ఇస్తే ఏది పనిచేసిందని చెబుతారు?"

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "మరెలా బాబాయ్?"

"ఒకటి విడిచి ఒకటి. దీనికి వీపు మందు, దాని వెనకదానికి రెండూ."

"పొద్దు గూకేదాకా తెమలదు," యజమాని విసుక్కున్నాడు. "ఇంత చేసి తేడా కనపడలేదో, గడియ వదిలి పేడ ఎత్తుకుందువుగాని."

"అలాగే సార్."

ప్రతి కోడెనూ తూచారు, పరీక్షకు పేడ తీశారు, బరువుకు తగ్గ మందు ఇచ్చారు. బాబాయ్ ఒక్కసారి కూడా వరుస తప్పలేదు.

రెండు వారాలకు మళ్లీ పేడ పరీక్షించారు. వీపు మందు ఒక్కటే పడ్డవాటిలో నట్టల గుడ్లు ఇంకా బోలెడు. రెండూ పడ్డవాటిలో దాదాపు లేవు.

"మందు వేయకముందు లెక్కలూ చూశాను సార్," అంది డాక్టరమ్మ. "ముందొచ్చినవాటిలో గుడ్లు మొదటినుంచీ తక్కువే. నా వరుసే పాటించి ఉంటే వీపు మందే చాలని రాసేదాన్ని. ఇకమీదట ఏ యార్డుకు వెళ్లినా బాబాయ్ పద్ధతే."

యజమాని మెడ గోక్కున్నాడు. "రెండూ తెప్పిద్దాం. గడియ నీదేలే బాబాయ్."

ఆయన్ను ఆ యజమాని బాబాయ్ అనడం అదే మొదటిసారి.

ఇంట్లో సంగతంతా విని భార్య మూతి విరిచింది. "కోడెలు ఏ వరుసలో వస్తాయో కూడా ఒక చదువేనా? ముందు ఒళ్లు కడుక్కో, పేడ కంపు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని కదిలాడు. వెనకనుంచి ఆమె గోడ అవతలి చెల్లెలిని కేకేసింది.

"ఇదిగో, ఒకసారి ఇలా రావే! మీ బావ డాక్టరుకే పాఠం చెప్పాడు!"