సంతకం పెట్టింది నేనే

ఆ కాయితం మింద ఉండేది నా సంతకమే. ఎవురూ చెయ్యి పట్టుకోని పెట్టిచ్చలేదు. ఇది ముందే చెప్పేస్తాండా. ఎందుకంటే ఇప్పుడు నేను శానామందిని తిడతా, ఆ తిట్లల్లో నా వాటా నేను మర్చిపోగూడదు.

నేను బళ్ళారిలో ఒక జీన్స్ కార్ఖానాలో కటింగ్ మాస్టర్ని. ఆడదాన్నే, అయినా మాస్టర్నే. మాది దేశనూరు. నాట్లకి పోయే ఇంట్లో పుట్టి, కన్నడ బడిలో ఏడో తరగతి దాకా చదివి, కార్ఖానాలో దారాలు కత్తిరించేదానికి చేరినా. కుట్టిన ప్యాంట్లకి దారపు కొసలు వేలాడుతుంటాయి గదా, అవి కత్తిరించాల. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంతే. తొమ్మిదేండ్లు అదే పని. కటింగ్ టేబుల్ తట్టు పోతే "ఏయ్, నీకేం పని ఈడ" అని కసిరేవోళ్ళు. ఓరకంట చూసి చూసి, దొంగతనంగా నేర్చుకున్నా. అందుకే నేర్పించడం అనే మాట నా ముందర ఎవురన్నా ఊరికే వాడితే నాకి తిక్క రేగుతాది.

పోయినేడు మా కార్ఖానా సావుకారికీ ఊళ్ళో ఒక కాలేజీకీ ఒప్పందం కుదిరింది. యూనివర్సిటీ సర్టిఫికెట్టంట, కార్ఖానాలో పనంట, రెండూ కలిపి పిల్లోళ్ళకి జీవితాంతం కూడు పెట్టే విద్య నేర్పిస్తారంట. గేటుకి ఈ కొసనుంచి ఆ కొసకి బ్యానరు కట్టినారు. ప్రిన్సిపాలు వచ్చినాడు, దండలేసుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు. నిజం చెప్తాండా, నాకి భలే సంతోషమయింది. మా కాలంలో ఇట్లాంటిది ఉండుంటే ఆ తొమ్మిదేండ్లు నాకి మిగిలేవి గదా అనుకున్నా.

మర్నాడు వచ్చి చూస్తే పన్నెండుమంది పిల్లోళ్ళూ నేల మింద కూచోని దారాలు కత్తిరిస్తాండారు!

నా ఒళ్ళు మండిపోయింది. నేరుగా సావుకారి కాడికి పోయినా. "ఏందప్పా ఇది? విద్య అంటివి, యూనివర్సిటీ అంటివి. దారాలు కత్తిరించేదానికా ఆ దండలు?"

"సుమ్మనె ఇరక్కా" అన్నాడు కన్నడంలో. ఊరికే ఉండాలంట! నేను ఊరికే ఉండేదాన్నయితే ఇంకా ఆ దారాల కాడనే ఉందును. "పొద్దున మూడు గంటల సేపు వాళ్ళు నా టేబుల్ కాడ ఉండాల. లేదంటే ఇదో కత్తెర, నువ్వే కోసుకో" అన్నా. ఒప్పుకున్నాడు, ఒప్పుకోక యాడికి పోతాడు.

కాలేజీ వోళ్ళేమన్నా తక్కువా? వారానికొక రోజు ఒక లెక్చరరు వచ్చేవాడు. హాజరు పట్టీలో సంతకాలు తీసుకోని, టీ తాగి పోయేవాడు. ఆయప్ప గుడ్డ ముట్టుకున్నది నేను ఒక్క రోజన్నా చూడలే.

ఆ పన్నెండుమందిలో ఒక పాప ఉండె. హచ్చొళ్ళి ఊరి పాప, హాస్టల్లో ఉండి చదువుకునేది. మాటలు తక్కువ, చెయ్యి మాత్రం చురుకు. జీన్స్ గుడ్డకి ఒక గుణం ఉండాది. కుట్టినాక ఉతుకుతారు, ఉతికితే ముడుచుకుంటాది. ఏ గుడ్డ థాను ఎంత ముడుచుకుంటాదో ఆ థానుకే తెలుసు. ఒకే రంగు, ఒకే మిల్లు, అయినా ఒక థాను మాదిరి ఇంకొకటి ఉండదు. అందుకే నేను కోసే ముందర ప్రతి థానులోనించీ చేతిగుడ్డంత ముక్క తీస్తా. ఎర్ర దారంతో జానెడు ఎడంగా రెండు కుట్లు వేసి, వేడినీళ్ళల్లో ఉడికించి, ఇస్త్రీ పెట్టి ఆరబెట్టి, ఆ రెండు కుట్ల నడుమ మళ్ళీ కొలుస్తా. ఎంత తగ్గిందో చూసుకోని అంత కలుపుకోని కోస్తా. నాకి ఇది ఎవురూ చెప్పలేదు. లాట్లకి లాట్లు గుడ్డ పాడుచేసి, తిట్లు తిని నేర్చుకున్నా. ఆ పాప రెండో రోజే పట్టేసింది. "అక్కా, అడ్డంగా గూడా రెండు కుట్లు వేస్తే నడుం కొలత గూడా తెలుస్తాది గదా?" అనింది. ఇన్నేండ్లు నాకి తట్టలేదు ఆ మాట!

సావుకారి నాకి అసిస్టెంటుగా ఒకర్ని తీసుకుంటానని చెప్పిండాడు. సర్టిఫికెట్టు ఉండేవోళ్ళనే తీసుకుంటాడంట, పెద్ద కంపెనీల వోళ్ళు కాయితాలు అడుగుతాండారంట. ఆ జాగా హచ్చొళ్ళి పాపదే అని నేను మనసులో రాసిపెట్టుకున్నా. ఆ పాపకి గూడా చెప్పేసినా. ఇంటికి ఫోన్ చేసి వాళ్ళమ్మకి చెప్పుకోని మురిసిపోయింది.

పరీక్ష కాలేజీలో పెట్టినారు. రెండు థాన్లిచ్చి, రెండు గంటల్లో ఒక ప్యాంటుకి గుడ్డ కోయమన్నారు. నన్ను కార్ఖానా తరపున పరీక్షకురాలంటా పిలిచినారు. శాలువా కప్పినారు, మెత్తటి కుర్చీ వేసినారు, ముందర నీళ్ళ సీసా పెట్టినారు. దారాలు కత్తిరించిన నాకి ఆ కుర్చీ! నా తల యాడుండాదో నాకే తెలీలేదు. పిల్లోళ్ళంతా పుస్తకంలో ఉండే లెక్క వేసుకోని సరసరా కోసేస్తాండారు. హచ్చొళ్ళి పాప మాత్రం ముక్కలు తీసి, నీళ్ళు కాచమని అడిగి, ఉడికించి, ఆరబెట్టి, కొలిచి, అప్పుడు కత్తెర పట్టింది. గంట కొట్టేటప్పటికి ఒక కాలు కోసేది మిగిలిపోయింది. "అదప్పా పనంటే" అన్నా లెక్చరరుతో. "హౌదు హౌదు" అని కన్నడంలోనే అవునని తలాడించినాడు.

కాయితం తెచ్చినారు. మార్కులు లేవు, అంతా ఇంగ్లీషు మాటలు. నాకి ఇంగ్లీషు రాదు. పదకొండు వరసల్లో ఒకే పొట్టి మాట ఉండాది. హచ్చొళ్ళి పాప వరసలో మాత్రం పొడుగ్గా రాసిండారు. పొడుగ్గా రాసినారంటే ఎక్కువ మెచ్చుకున్నారు అనుకున్నా. అడిగితే ఏమయ్యేది? ఏమీ కాదు. శాలువా కప్పుకోని "నాకి చదవడం రాదప్పా" అనేదానికి సిగ్గయింది. పెన్ను తీసుకోని సంతకం గీకేసినా.

వారానికి ఆ పాప నా టేబుల్ కాడికి వచ్చి కాయితం పెట్టింది. ఏడవలేదు. "అక్కా, 'ఇంకా పని రాలేదు' అని రాసిండారు. కింద సంతకం నీదే కదా?" అనింది.

నాకి తల తీసేసినట్లయింది.

మధ్యాన్నమే కాలేజీకి పోయినా. "పని రాలేదా? ఆ పాపకి పని రాలేదా? మీలో ఎవురికొచ్చునో రాండప్పా, ఈడ కోసి చూపిండి!" అని అరిచినా. లెక్చరరు ఆ కాయితం తీసి చూపించినాడు. "ప్యాంటు పూర్తి కాలేదు గదమ్మా. ముక్కలు ఉడికించేది సిలబస్‌లో లేదు. అయినా మీరే సంతకం పెట్టినారు గదా" అన్నాడు.

అసిస్టెంటు జాగా ఇంకొక పిల్లోనికి పోయింది. మంచోడే, వానికీ నేనే నేర్పించినా. మొదటి లాటు గుడ్డ, ముక్క ఉడికించకుండానే కోసేదానికి పరిచేసినాడు. "ఏందిరా ఇది?" అంటే "పరీక్షలో అట్లనే పాసయితిని గదక్కా" అన్నాడు. నేను మూడు నెల్లు నేర్పించింది వాళ్ళు రెండు గంటల్లో చెరిపేసినారు. హచ్చొళ్ళి పాప మా కార్ఖానాలోనే దారాల కాడ కూచునింది. వేరే పని లేదు మరి. ఆ కత్తెర చప్పుడు నా టేబుల్ దాకా వినపడేది.

కత్తెర టేబుల్ మింద పెట్టేసినా. "మళ్ళీ పరీక్ష పెట్టించు, ముక్క ఉడికించే టైము కలిపి. అప్పుడు ముట్టుకుంటా" అన్నా సావుకారితో. పెద్ద లాటు నిలిచిపోయె. మూడో రోజు ఆయప్పే ప్రిన్సిపాలుకి ఫోన్ చేసినాడు. ఆర్నెల్లకి పెడతామన్నారు.

ఆ ఆర్నెల్లూ మధ్యాన్నం అన్నం తిన్నాక ఆ పాప జీన్స్ ముక్కల మింద సుద్దతో ఇంగ్లీషు అక్షరాలు రాసి నాకి నేర్పించింది. కోపంతో దిద్దినా, సిగ్గుతో దిద్దినా. 'పని వచ్చు' అనే ఆ పొట్టి మాట, 'ఇంకా పని రాలేదు' అనే ఆ పొడుగు మాట, రెండూ ఇప్పుడు కండ్లు మూసుకోని రాస్తా.

మళ్ళీ పరీక్ష అయింది. శాలువా వద్దన్నా. ఆ పాప రెండు కాళ్ళూ కోసి పెట్టింది. కాయితం వచ్చినాక వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదువుతాంటే లెక్చరరు గడియారం చూసుకున్నాడు. "పొయ్యేవోళ్ళు పోండప్పా" అన్నా. పొట్టి మాటే ఉండాది. ఇంకొక తూరి చదివి సంతకం పెట్టినా.

బయట ఆ పాప నిలబడుకోని ఉండె. పాసయినానా అని అడగలేదు.

"ఈసారి చదివినావా అక్కా?" అనింది.